మంచు కురిసేది కొండల్లో, ఫైలు కదిలేది మాసబ్ ట్యాంక్‌లో

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో గడ్డకట్టే మంచు పడదు. పక్కనున్న బేగంపేట కేంద్రంలో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అదీ 1946 జనవరి 8న. అయినా పండ్లతోటలకు మంచు దెబ్బ గురించి రాస్తూ మేము ఈ పేటను ఎందుకు ఎత్తుకుంటున్నాం? గిరిజన సంక్షేమ శాఖ పెద్ద కార్యాలయం ఇక్కడి సంక్షేమ భవన్‌లోనే ఉంది గనుక. కొండల్లో వణికే మొక్క గతి ఇక్కడి ఫైళ్ళలో తేలుతుంది గనుక.

2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ ప్రారంభించింది. 12,600 కోట్ల రూపాయలతో 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాల అటవీ హక్కు భూములకు సోలార్ పంపులతో నీళ్ళిచ్చి తోటలు వేయిస్తామన్నది. పోరాడి సాధించుకున్న పట్టాభూమికి నీళ్ళు రావడం మంచిదే. కాని మొక్క నాటినంత మాత్రాన తోట కాదు. లేత మొక్క మొదటి రెండు మూడు శీతాకాలాలు దాటి బతకాలి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా గిన్నెధరి, సిర్పూర్(యు) ప్రాంతాల్లో కొన్నేళ్ళు చలి 5, 6 డిగ్రీలకు దిగుతుంది. ఆంధ్రలో లంబసింగి, చింతపల్లి సంగతి చెప్పనక్కరలేదు.

5 డిగ్రీలుంటే మంచెలా గడ్డ కడుతుందని కొందరడుగుతారు. వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. అప్పుడు గడ్డి దగ్గర చలి మరో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. పైగా చల్లగాలి బరువైనది. వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే గట్టు మీది మామిడి బతికి, పల్లంలో మామిడి మాడుతుంది. బొప్పాయి, అరటి, లేత మామిడి ముందు దెబ్బ తింటాయి. జామ కొంత ఓర్చుకుంటుంది.

మరి చేయవలసిందేమిటి? చలి ముదురుతుందని తెలియగానే పగటి పూటే తడి పెట్టాలి. తడిసిన నేల పగటి ఎండను దాచుకొని రాత్రి మెల్లగా వదులుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. సోలార్ పంపు పొద్దుగూకితే ఆగిపోతుంది, మంచు కొట్టేది తెల్లవారుజామున. నీళ్ళు నిలవ చేసే తొట్టి లేకుండా పంపు ఒక్కటే ఇస్తే, అవసరమైన వేళ అది అలంకారమే. లేత మొక్కలకు గడ్డితోగాని, గోనెపట్టాతోగాని గుడిసెలా కప్పు వేయాలి. ఎండ తగిలేలా తూర్పు, దక్షిణం వైపు తెరిచి ఉంచాలి. చలికాలం ముందు యూరియా వేయరాదు. వేస్తే లేత చిగుళ్ళు పుట్టి మంచుకు బలవుతాయి. తోటలో అక్కడక్కడా చిన్న మంటలు పెడితే మేలు. అయితే కాపాడేది ముఖ్యంగా వేడే, పొగ కాదు. మాడిన కొమ్మను తొందరపడి నరకొద్దు. కొత్త చిగురు వచ్చాక ఎంతవరకు చచ్చిందో చూసి కోయాలి.

ఈ పనులన్నీ చేసేదెవరు? అర్ధరాత్రి చలిలో మంట కాసేదెవరు? కూలీలే. వారికి రాత్రి కూలి కట్టేదెవరు? ఏ పథకం కాగితంలోనైనా ఈ ఖర్చుకు చోటుండాలి గదా!

చలిగాలులు, గడ్డకట్టే మంచు కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. పంట 33 శాతం, అంతకు మించి పోతే, 2022–26 నిబంధనల ప్రకారం, బహువార్షిక తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, రెండు హెక్టార్లకు మించకుండా ఇవ్వాలి. ఎకరాకు చూస్తే 9,100 మాత్రమే. చచ్చిన చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. అదీ భూమి లెక్కన సాయమేగాని, పోయిన పనిదినాల లెక్కన కాదు. ఇక పంటల బీమా నుంచి తెలంగాణ 2020లోనే తప్పుకున్నది.

కూలీలను మరిచిన చోట ఏం జరుగుతుందో బ్రెజిల్ చూపింది. 1975 జూలైలో ఒక్క చలిగాలి దెబ్బకు పరానా రాష్ట్రంలో కాఫీ తోటలు మాడి నల్లబడ్డాయి. భూస్వాములు కాఫీ వదిలి, యంత్రాలతో సాగే సోయాకు మళ్ళారు. లక్షలాది కూలీ కుటుంబాలు పట్టణాల దారి పట్టాయి. చెట్లను చంపింది మంచు. మనుషుల్ని వెళ్ళగొట్టింది మాత్రం భూమి మీది పెత్తనం.

కాబట్టి చలి ముంచుకురాకముందే గ్రామసభల్లో తీర్మానాలు చేయించాలి. ప్రతి సోలార్ పంపుకూ నీటితొట్టి, మొదటి మూడేళ్ళు కప్పు ఖర్చు, కూలీకి రాత్రి కూలి, ముందురోజే గూడేనికి చలి హెచ్చరిక, నష్టమైతే సాగు చేసేవారి పేరుతోనే పరిహారం. ఇవీ అడగవలసినవి. అర్జీలు విడివిడిగా పోతే బల్ల మీదే పడుంటాయి. ఐక్యంగా మాసబ్ ట్యాంక్ మెట్లెక్కితేనే ఫైలు కదులుతుంది.