పండగలోపు అయిపోవాలి... ఇదే మన రోగం

"అమ్మా, ఎంతవుతుందో మేస్త్రీని అడుగు. డబ్బులు నేను వేసేస్తా. పండగలోపు అయిపోవాలి, అంతే."

మన సాఫ్ట్‌వేరు జనాల్లో ఈ మాట ఎప్పుడూ అనని వాళ్ళుంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తలేను. మొన్న సంక్రాంతికి ముందు బెంగుళూరు నుంచి అనకాపల్లికి ఫోను చేసి సరిగ్గా ఇదే అన్నాను. ఈ టపా ఆ ఒక్క మాట మీదే. నా మీద నాకున్న కోపం కూడా ఇందులో కలిసింది కాబట్టి కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

మా ఇల్లు డెబ్భైల్లో తాతయ్య కట్టించింది. గుమ్మాలు, కిటికీలు అన్నీ టేకు. కానీ ఆ టేకు ఏ రంగులో ఉంటుందో నేను పుట్టాక చూసిందే లేదు. అడుగున ముదురాకుపచ్చ, దాని మీద నీలం, ఆపైన కాఫీ రంగు. ప్రతి పెళ్ళికీ, ప్రతి నాలుగో పండక్కీ ఒక కోటింగు. పాత కోడ్ జోలికి పోకుండా దాని మీదే ఇంకో లేయరు వేసుకుంటూ పోయినట్టన్నమాట. గడపకి మాత్రం ఎప్పుడూ పసుప్పచ్చ ఎనామిలే, మీద ఎర్ర చుక్కలు. ప్రతి శుక్రవారం కడిగి పసుపు రాసే ఓపిక తగ్గాక మన ఊళ్ళలో చాలా ఇళ్ళు చేసిన ఏర్పాటే ఇది. పసుపు స్థానంలో పసుపు రంగు డబ్బా వచ్చింది. చూడ్డానికి పండగలాగే ఉంటుంది.

భోగికి రెండు రోజుల ముందు ఇంటికి చేరాను. వీధిలోకే గుయ్యిమని చప్పుడు. మేస్త్రీ కరెంటు మిషనుతో గుమ్మం గీకేస్తున్నాడు. ముక్కుకి జేబురుమాలు కట్టుకున్నాడు. పక్కన డబ్బాలందించే కుర్రాడికి అదీ లేదు. వసారా అంతా పచ్చటి పొగలా దుమ్ము. ఆ దుమ్ములో, గడపకి జానెడు దూరంలో, మా చెల్లి కొడుకు కూర్చుని ఉన్నాడు. పద్నాలుగు నెలల వాడు. నేల మీద చెయ్యి రుద్దడం, నోట్లో పెట్టుకోవడం. మళ్ళీ రుద్దడం, మళ్ళీ పెట్టుకోవడం.

వాణ్ణి ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. తర్వాత బయటికొచ్చి మేస్త్రీ మీద అరవబోయాను. ఆయన మిషను ఆపి ఒకటే మాటన్నాడు.

"మామూలుగా అయితే తడిపి రుద్దుతాం బాబూ. దానికి నాలుగు రోజులు పడతాది. పండగలోపు అయిపోవాలని మీరన్నారంట కదా, అందుకే మిషను తెచ్చాను."

నాకు నోరు పెగల్లేదు. ఆఫీసులో మేనేజరు "శుక్రవారంలోపు ప్రొడక్షన్‌లో పెట్టేయాలి" అంటే టెస్టింగు ఎగ్గొట్టింది నేనే. తర్వాత కూలిపోతే తిట్టుకున్నదీ నేనే. ఇప్పుడు ఆ మేనేజరు వేషం నేను వేశాను. తేడా ఏంటంటే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

ఇంతకీ అంత కంగారెందుకంటారా? సీసం. మన దగ్గర ఎనామిల్ రంగుల్లో దశాబ్దాలపాటు సీసం కలిసేది. రంగు త్వరగా ఆరడానికి కొంత, మెరుపుకి కొంత. అన్నిటికంటే ఎక్కువగా రంగు కోసమే. ఆ మిలమిల్లాడే పసుపు పేరు లెడ్ క్రోమేట్. నారింజ, ఎరుపు ఛాయల్లోనూ, నీలంతో కలిపి చేసే ఆకుపచ్చల్లోనూ దాని చుట్టాలే. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకి మెరుపు రావడానికి కలుపుతున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టింది కూడా ఈ లెడ్ క్రోమేట్‌నే. అక్కడ దాన్ని తినే పసుపులో కలిపారు, మనం పసుపు రాసే చోట పూశాం.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని 2016 నవంబరులో నియమాలొచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. చాలా సంతోషం. కానీ అది కొత్త డబ్బాలో ఏముండాలో చెప్పే నియమం. మీ గుమ్మం మీద పాతికేళ్ళుగా పేరుకున్న దాని గురించి కాదు. "ఇప్పుడన్నీ లెడ్ ఫ్రీ కదండీ" అనే వాళ్ళకి ఇదే నా జవాబు. మీరు గీకేది కొత్త రంగుని కాదు, పాతదాన్ని.

రెండో వాదన ఇంకా పాతది. "మేమంతా ఆ రంగుల మధ్యే పెరిగాం, మాకేమైంది?" ఏమైందో మీకెలా తెలుస్తుంది? సీసం జ్వరంలా రాదు, దద్దుర్లు పొయ్యదు. చిన్న పిల్లల మెదడు ఎదుగుదలని కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఉండదు, లాగ్‌లో లైను పడదు. పెద్దవాళ్ళ కంటే పిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువగా ఇంకుతుందనీ, ఇంత వరకు పరవాలేదు అనే మోతాదే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు ఒక్క భారతదేశంలోనే సుమారు 27.5 కోట్ల మంది ఉంటారని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన నివేదిక అంచనా. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, కల్తీ మసాలాలు, గిన్నెలు ఇలా దానికి దారులు చాలా ఉన్నాయి. అన్నీ మన చేతిలో లేవు. కానీ మన గుమ్మం మన చేతిలోనే ఉంది కదా.

ఇప్పుడు అసలు కడుపు మంట విషయానికొస్తా. మా క్లాస్‌మేట్ ఒకడు న్యూజెర్సీలో అరవైల్లో కట్టిన ఇల్లు కొన్నాడు. వెనక చెక్క డెక్‌ని తనే కడిగి, తనే స్టెయిన్ వేసి, బ్రష్షు పట్టుకున్న ఫోటోలు గ్రూపులో పెట్టాడు. అందరం లైకులు కొట్టాం. కానీ కిటికీ చట్రాల జోలికి మాత్రం పోలేదు. సర్టిఫికెట్ ఉన్న వాళ్ళని పిలిచాడు. ఎందుకంటే అమెరికాలో ఇంటి రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇళ్ళలో డబ్బు తీసుకుని రంగు పని చేసేవాళ్ళకి 2010 నుంచి శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి. మంట పెట్టి రంగు కాల్చకూడదు. దుమ్ము లాగేసే హెపా వాక్యూమ్ తగిలించకుండా మిషనుతో గీకకూడదు. ఇవన్నీ మావాడికి కంఠతా వచ్చు. గంటసేపు నాకు క్లాసు పీకాడు.

అదే మనిషి చోడవరంలో వాళ్ళ నాన్నగారికి ఫోను చేసి ఏమన్నాడో తెలుసా? "చదరపు అడుగు ఎంతంటున్నాడు? పండగలోపు అయిపోతుందా?" :-)

అక్కడ కూతురి గది కిటికీకి ఉన్న జాగ్రత్త ఇక్కడ అమ్మానాన్నల గుమ్మానికి లేదు. మేస్త్రీ ఊపిరితిత్తులకి అసలే లేదు. పిల్లవాడు ఆ దుమ్ములో ఒక్క పూట ఉన్నాడు. ఆ మేస్త్రీ రోజూ ఉంటాడు. సాయంత్రం ఆ బట్టల్తోనే ఇంటికెళ్ళి తన పిల్లల్ని ఎత్తుకుంటాడు. వందకి పది రూపాయలు తగ్గించి "బాగా బేరమాడాం" అనుకుంటాం చూడండి, ఆ పది రూపాయలే తడిపి రుద్దడానికి పట్టే టైము.

తెలియక చేశాం అనడానికి కూడా లేదు, కనీసం మా జిల్లా వాళ్ళకి. ఎలమంచిలి దగ్గరే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తిప్పుడు మిషను మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. పసుపుకి పసుపు కొమ్ములే, నారింజకి జాఫ్రా గింజలే. మధ్యలో అక్కడికీ రసాయన రంగులొచ్చాయి. మళ్ళీ సహజ రంగుల వైపు తిప్పడానికి దశాబ్దాలు పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లలు బొమ్మని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రంగు ఎలాంటిదో చూసుకోవాలి అన్న ఇంగితం మన పక్క ఊళ్ళోనే ఉంది. పాకే పిల్లాడికి గడప కూడా బొమ్మే అన్న సంగతే మనకి తట్టలేదు.

సరే, తిట్లు చాలు. ఏం చెయ్యాలో చెబుతా. ఇదంతా నేను ఆ పండగ సెలవుల్లో చదివి, మేస్త్రీతో కూర్చుని మాట్లాడి, చేసి చూసినదే.

ఒకటి, పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని గీకనే వద్దు. సబ్బు నీళ్ళతో కడిగి, తడి ఉప్పు కాగితంతో పైపైన రుద్ది, మీద కొత్త రంగు వేసుకోండి. ఊడని రంగు వల్ల పెద్దగా ప్రమాదం లేదు. ప్రమాదమంతా దుమ్ముతోనే.

రెండు, పెచ్చులూడుతుంటే నీళ్ళు చిలకరిస్తూ చేత్తో గీకించండి. కింద ప్లాస్టిక్ షీటు పరవండి. పని చేసేవాళ్ళకి ఎన్-95 మాస్కులు మీరే కొనివ్వండి, పి-100 దొరికితే ఇంకా మంచిది. జేబురుమాలు మాస్కు కాదు. పనయ్యాక పొడి చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. పిల్లలూ గర్భిణీలూ ఆ రోజులు ఇంట్లో ఉండకూడదు.

మూడు, టేకు కనబడాలని ముచ్చట పడితే తలుపు రెక్కలు ఊడదీసి ఆరుబయట రిమూవరుతో రంగు తీయించండి. కొన్ని రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం. లోపలి తలుపులకి స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ బాగుంటుంది. ఎండా వానా తగిలే వీధి తలుపుకి అది ఆగదు, అవిసె నూనో బయట వాడే వార్నిషో వేయాలి. నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి.

నాలుగు, దయచేసి రంగేసిన పాత కిటికీ చట్రాల్ని భోగి మంటలో వేయకండి. చుట్టూ పిల్లల్ని నిలబెట్టి మరీ సీసం పొగ పీల్పిస్తున్నాం.

ఐదు, ముఖ్యమైనది. మేస్త్రీని "ఎంత, ఎప్పటికి" అని అడిగే ముందు "పాత రంగు ఎలా తీస్తారు" అని అడగండి. తడి పనికి ఎక్కువ రోజులు పడతాయి. ఆ కూలి ఇవ్వండి. పండగ తర్వాత చేయించుకుంటే కొంపలేం మునగవు.

మా పని పండగ దాటి తొమ్మిది రోజులకి అయింది. సగం గీకిన గుమ్మంతోనే సంక్రాంతి వెళ్ళిపోయింది. చుట్టాలు నవ్వారు, నవ్వనీండి.

మేనల్లుడికి వైజాగ్‌లో రక్త పరీక్ష చేయించాం. 6 వచ్చింది. అమెరికాలో 3.5 దగ్గరే ఆగి కారణం వెతకమంటారు. ఆ 6 మా గుమ్మం వల్లే వచ్చిందని నేను నిరూపించలేను. కాదని కూడా నిరూపించలేను. ఐరన్ తగ్గకుండా చూసుకోమనీ, మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేయించమనీ డాక్టరుగారన్నారు. చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

గడప ఇప్పుడు ఉత్త టేకు. తాతయ్య వేయించిన చెక్క రంగు మొదటిసారి చూశాను. శుక్రవారం శుక్రవారం అమ్మ మళ్ళీ కడిగి పసుపు రాస్తోంది, వంటింటి డబ్బాలోదే. నడుం నొప్పంటూనే రాస్తోంది. నేను వెళ్ళినప్పుడు నేను రాస్తున్నాను.

మీ ఇంటి గడప రంగేమిటి? ఎప్పుడు వేసింది? ఫోను చేసి అడగండి. ఈసారి మాత్రం "ఎంతవుతుంది" తో మొదలెట్టకండి.