మన ఒంట్లో శివారు రైతు

అత్తిలి చుట్టుపక్కల కాలువల మధ్య పెరిగినవాళ్లకి బీపీ సంగతి చెప్పడం నాకు తేలిక. శివారు పొలానికి నీరందకపోతే రైతు ఏం చేస్తాడు? లాకుల దగ్గరున్న లస్కరుకి ఫోన్ కొడతాడు. మన ఒంట్లో ఆ శివారు రైతు కిడ్నీ. తనకొచ్చే రక్తం ఒత్తిడి తగ్గిందంటే చాలు, ‘రెనిన్’ అనే ఎంజైమ్‌ని వదులుతుంది. అదే ఆ ఫోన్ కాల్!

1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ దీన్ని కనిపెట్టారు. కుందేలు కిడ్నీ రసాన్ని ఇంకో కుందేలుకి ఎక్కిస్తే బీపీ పెరిగింది.

నిజానికి రెనిన్ తనంతట తాను బీపీ పెంచదు. లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ని కత్తిరిస్తుంది. ఆ ముక్క ఇంకోసారి తెగి ‘యాంజియోటెన్సిన్ 2’ అవుతుంది. అది రక్తనాళాల్ని బిగించి, ఉప్పునీ నీటినీ ఒంట్లోనే ఆపేస్తుంది. దెబ్బ తగిలి రక్తం పోయినప్పుడు ప్రాణం నిలబెట్టేవాటిలో ఇదొకటి.

చిక్కేంటంటే, కాలువ నిండుగా ఉన్నా బోదె పూడిపోతే రైతుకి నీరందదు, ఫోన్ ఆగదు. 1934లో అమెరికాలో గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనిని కాస్త బిగిస్తే, బీపీ పెరిగి అలాగే ఉండిపోయింది. అందరి బీపీకీ కారణం ఇదే కాదు గానీ, చాలా మందులు పనిచేసేది ఈ దారిలోనే.

ఇంట్లో నాన్న వాడే మాత్రల స్ట్రిప్ తిప్పి చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ అయితే యాంజియోటెన్సిన్ మాట రక్తనాళాలకి వినపడనివ్వవు. ఎనలాప్రిల్, రామిప్రిల్ అయితే దాన్ని తయారవకుండానే అడ్డుకుంటాయి.

‘బీపీ నార్మల్‌కొచ్చిందిగా, ఇంకెందుకు?’ అని ఆపేస్తుంటారు. నార్మల్‌గా ఉంచుతున్నది ఆ మాత్రేనండీ బాబూ! ఆపితే చప్పుడు లేకుండా మళ్లీ పెరుగుతుంది. కిడ్నీలోని సన్నటి నాళాలు దెబ్బతింటున్నా నొప్పి కూడా తెలీదు.

ఇంకోటి. కోతల రోజుల్లో ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ కొనేసుకుంటారు. ఈ బీపీ మాత్రలు వాడుతూ, ఎండకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది వేసుకుంటే కిడ్నీకి రక్తం తగ్గి ప్రమాదం. డాక్టర్ని అడగకుండా వద్దు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, ఎండుచేపల ఉప్పూ ఆ లెక్కలోదే.

ఈసారి ఇంటికి ఫోన్ చేస్తే, ‘తిన్నావా’ తర్వాత ‘మాత్ర వేసుకున్నావా నాన్నా’ అని కూడా అడగండి. క్రియాటినిన్ టెస్ట్ చేయించి ఎన్నాళ్లయిందో కనుక్కోండి.