రెస్ట్ తీసుకుంటే బద్ధకస్తులమా?

దర్శి నుంచి రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. 1600 మీటర్ల పరుగు మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఆ టైం కోసం తెల్లారి 5 గంటలకే గ్రౌండ్‌కి పోయేవాళ్లం, వారానికి ఏడు రోజులూ. ఎవరన్నా ఒక్కరోజు ఆగితే "ఏరా, బద్ధకమా?" అని మేమే ఎగతాళి చేసేవాళ్లం.

పోయినసారి మాలో ఒకడికి మోకాలి కింద ఎముక దగ్గర నొప్పి మొదలైంది. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తాడు. ఈవెంట్స్ మూడు వారాలు ఉన్నాయనగా కాలు కింద పెట్టలేకపోయాడు. వాడు ఓడిపోలేదు, అసలు గ్రౌండ్ దాకానే రాలేకపోయాడు. ఆ ఎగతాళిలో మా తప్పు కూడా ఉంది.

మనకు రెస్ట్ అంటే ఎందుకు భయం? కూలి ఇళ్లల్లో పుట్టాం కాబట్టి. అమ్మ ఒక్కరోజు మిరపకాయ కోతకి పోకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఊరికే కూర్చుంటే తప్పు చేసినట్టు ఉంటుంది. కానీ ఒంటి లెక్క వేరు. పరిగెత్తినప్పుడు కండరాలు, ఎముకలు అలిసి సన్నగా దెబ్బతింటాయి. మళ్లీ గట్టిపడేది తిన్నప్పుడు, నిద్రపోయినప్పుడు. ఆ టైం ఇవ్వకపోతే దెబ్బ మీద దెబ్బే.

ఇంకో సంగతి. కోతల సీజన్లో ఆదివారం ఇంటికిపోయి పొద్దంతా వంగి కాయలు కోసి, సోమవారం పొద్దున్నే స్పీడ్ రన్నింగ్ చేస్తాం. ఆదివారం రెస్ట్ అయిపోయింది అనుకుంటాం. కాలేదు. కోత కూడా కష్టమైన వర్కౌటే. దాని మర్నాడు పరుగు వద్దు.

మాలావత్ పూర్ణ మన లంబాడీ బిడ్డ, గురుకులంలో చదివింది. 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ కొండ ఎక్కేవాళ్లు ఏకబిగిన ఎక్కరు. కొంత ఎక్కి, కిందకు దిగి, ఒళ్లు గాలికి అలవాటు పడేదాకా ఆగి, మళ్లీ ఎక్కుతారు. దాన్ని బద్ధకం అంటామా?

అట్లని రెస్ట్ అంటే రోజంతా మంచం మీద ఫోన్ చూడటం కాదు. మేమిప్పుడు ఇట్లా చేస్తున్నాం: వారంలో మూడు రోజులు గట్టి పరుగు, మధ్యలో మూడు రోజులు అరగంట నడక, స్ట్రెచింగ్. పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా. ఒకరోజు పూర్తిగా సెలవు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర. కాలి ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పిగా ఉంటే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి, మాత్రతో కప్పిపెట్టకూడదు.

చెల్లెళ్లూ, మీకు ప్రత్యేకంగా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కొంచెం పరిగెత్తినా ఆయాసం వస్తుంటే అది చేతకానితనం అనుకోవద్దు, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. సికిల్ సెల్ మన గిరిజనుల్లో ఎక్కువ. 2023లో కేంద్రం దీని మీద మిషన్ మొదలుపెట్టింది. అది ఉన్నవాళ్లు ఎండలో, నీళ్లు తాగకుండా ఒళ్లు హూనం చేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. తెలియకపోతే టెస్ట్ చేయించుకోండి, అందరూ.

మా మాట ఒక్కటే. గ్రౌండ్‌కి రాని తమ్ముణ్ని "బద్ధకమా?" అని కాదు, "కాలు ఎట్లా ఉందిరా?" అని అడుగుదాం. మీ హాస్టల్లో వారానికి ఎన్ని రోజులు పరిగెత్తుతున్నారో కింద రాయండి.