చల్లారేదాకా ఆగండి!

మొన్న వేసవిలో ఒక పెళ్ళికని ప్రొద్దుటూరు నుంచి తుమ్మలపల్లెకు బయలుదేరాం. యురేనియం గనితో పేరుపడిన ఊరే అది. దారిలో మా పాతకారు వేడి చూపే ముల్లు కాస్తా ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి!

నేను తెలుగు పంతుల్ని. వేడెక్కితే నీళ్ళు పొయ్యాలి - అంతవరకే నా విజ్ఞానం. చెంబుతో దిగి రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయాను.

"సార్, ముట్టుకోగాకండి!"

రోడ్డవతలి షెడ్డులోంచి మెకానిక్కు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, నాకే పాఠం మొదలుపెట్టాడు.

ఇంజను సిలిండర్ల చుట్టూ సన్నని కాలవలుంటాయట. ఒక పంపు వాటిగుండా నీటిని తోస్తుంది. ఆ నీరు వేడిని మోసుకుని రేడియేటరులోకి వస్తుంది. అక్కడి సన్నగొట్టాల్లో గాలి తగిలి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతుంది. తిరిగేది ఎప్పుడూ ఆ నీరే! దారిలో థర్మోస్టాటు అనే ద్వారపాలకుడున్నాడు. వాడి కడుపులో ఉన్నది మైనం. సుమారు 80, 90 డిగ్రీల వేడికి మైనం కరిగి ఉబ్బితేగాని తలుపు తెరుచుకోదు. చల్లటి ఇంజను సరిగా పనిచెయ్యదు మరి.

ఇక ఆ మూత ఉందే, అది లోపల ఒత్తిడిని నిలుపుతుంది. అందుకే 100 డిగ్రీలు దాటినా నీరు మరగదు. మూత తీశామా, ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహాన చిమ్ముతుంది!

అరగంట పైగా ఆగి, చల్లారాక గుడ్డ కప్పి మెల్లగా తీశాడు. కింది గొట్టానికి చిన్న చీలిక.

"నీళ్ళు తగ్గేది మీరు చూళ్ళేదా సార్?"

చూశాను! వారం వారం బోరునీళ్ళు పోస్తూనే ఉన్నాను. తిరిగే నీరు తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట - ఆ ఆలోచనే రాలేదు. పైగా కాగు అడుగున పట్టే తెల్లటి పొరే ఆ సన్నగొట్టాల్లోనూ పట్టి దారి మూసేస్తుందట. తుప్పు పట్టనివ్వని కూలెంటే పొయ్యాలట.

గొట్టం మార్పించుకుని వెళ్ళేసరికి తాళి కట్టడం అయిపోయింది. మా ఆవిడ సణుగుతుందనుకున్నాను.

"ముహూర్తం పోతే పోయింది, మీ మొహం మిగిలింది" అంది.