కంటి జబ్బు కరపత్రం రోగులతోనే రాయించాలి

కంట్లో నలుసు పడితే మన పల్లెల్లో ఒకరు నాలుకతో తీస్తారు, మరొకరు చనుబాలు పిండుతారు, ఇంకొకరు పసరు పోస్తారు. తగ్గకపోతే మందుల దుకాణంలో ఏవో చుక్కలు అడిగి తెచ్చుకుంటారు. మామూలు నలుసైతే ఫరవాలేదు. మట్టిలో, నీటిలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డులో చేరితే మాత్రం కథ వేరు.

ఇది అరుదైన జబ్బు. నొప్పి భరించరానిది, వెలుతురు చూడలేరు. ఆ జీవి తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది కనుక మందు త్వరగా పనిచేయదు. మొదట్లో రాత్రింబవళ్లు గంటకోసారి చుక్కలు వేయాలి, వైద్యం నెలల తరబడి సాగుతుంది. సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే జబ్బు ముదురుతుంది. ఆలస్యమైతే పువ్వు వేసి చూపు పోతుంది.

పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి వస్తుంది. మన హైదరాబాదులోని ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు లెన్సులు వాడని 39 మంది రోగులపై 2000లో అధ్యయనం ప్రచురించారు. ఇక్కడ కంటికి దెబ్బ తగలడం, మురికి నీరు పడడమే ముఖ్య కారణాలు. అలాంటప్పుడు లెన్సుల శుభ్రత గురించి చెప్పే కాగితం ఉప్పల్ దిగువన మూసీ ఒడ్డున గడ్డి కోసే మనిషికి, నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికునికి ఏ మేరకు ఉపయోగం?

ఏం చెప్పాలో ఆ బాధ పడినవారికే తెలుసు. కార్నియా అంటే అర్థం కాదు, నల్లగుడ్డు అంటే అర్థమవుతుంది. కూలికి మళ్లీ ఎప్పుడు వెళ్లవచ్చు? రాత్రి చుక్కలు ఎవరు వేయాలి? నొప్పి తగ్గగానే మందు ఆపితే ఏమవుతుంది? ఇంట్లో వారికి అంటుతుందా? (అంటదు.) ఇవీ రోగి అడిగేవి. చదువు రానివారు ఏం రాస్తారని కొందరు అనవచ్చు. వారు కలం పట్టనక్కర లేదు. చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఏం అర్థమైందని అడిగితే చాలు. వైద్యపరమైన తప్పొప్పులు వైద్యులు చూసుకుంటారు.

జబ్బు అరుదు కనుక ఒక్క బస్తీ దవాఖానా వల్ల ఈ పని కాదు. సరోజినీదేవి కంటి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులే కోలుకున్నవారిని, చూపు పోయినవారిని కూడా పిలిపించాలి. తయారైన కరపత్రం నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి, ఉప్పల్ బస్తీ దవాఖానాలకు పంపాలి. అంతకన్నా ముందు మందుల దుకాణాలకు చేర్చాలి. కన్ను ఎర్రబడిన మనిషి మొదట వెళ్లేది అక్కడికే.