సైకిలుకు గట్టుదారే మేలు

కోనసీమలో సైకిలు తొక్కేవారికి కాలువగట్టును మించిన దారి లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో సాగిన యీ కాలువల వాలు బహు స్వల్పం గనుక గట్టుమీద మిట్టలుండవు. పైన కొబ్బరాకు నీడ. 1986 వరద మట్టాన్ని బట్టి ఎత్తు పెంచిన ఏటిగట్టుపై మాత్రం నీడ తక్కువ, ఎదురుగాలి ఎక్కువ.

చిక్కల్లా వానాకాలంలోనే. తారు పడని గట్లపై చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ బంకమట్టి పట్టి సైకిలు కదలదు. అప్పుడు బడిపిల్లలు, కూలీలు 216వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి లారీల పక్కన తొక్కవలసివస్తోంది. హైదరాబాదులో 2023లో 23 కిలోమీటర్ల సైకిలుదారి వేసి, చాలామేరకు సౌరఫలకాల కప్పు కూడా అమర్చారు. ఇక్కడి గట్లకు కప్పు అక్కరలేదు. కావలసింది తొలకరికి ముందే నాలుగడుగుల వెడల్పున గ్రావెల్.