పలచని గోడ, పక్కవాటా

శ్రీ విజయపురమని 2024లో పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నగరంలో, చేపల రేవుకు దగ్గరగా ఉన్న పేట జంగ్లీఘాట్. ఉత్తరాంధ్ర తీరంనుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడినవి. నేను అద్దెకుంటున్న ఇల్లు ఒకప్పుడు ఒకే కుటుంబం కోసం కట్టినది. ఇప్పుడు అందులో మూడు కాపురాలు. యజమాని పెద్దగదుల నడుమ ప్లైవుడ్ పలకలు నిలిపి, ముక్కకొక తలుపు పెట్టి, వాటికి ‘వాటాలు’ అని పేరు పెట్టాడు. పలకలు మనిషి తలకంటె రెండడుగుల ఎత్తు లేచి అక్కడే ఆగిపోయినవి. ఆ పైన, రేకుల కప్పు వరకు ఉన్న ఖాళీ మా మూడు కుటుంబాలకూ ఉమ్మడి ఆస్తి.

నా వృత్తి అనువాదం. వ్రాసిన వాక్యాన్ని పైకి చదువుకొంటేగాని అది తెలుగయినదో లేదో నాకు తెలియదు. రాత్రి భోజనాలయిన తరువాతనే నా పని మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పక్కవాటాలో పసిబిడ్డ ఏడుపు, గిన్నెల చప్పుడు, టీవీ సంభాషణలు. ఏడాదిపాటు లోలోపల విసుక్కొన్నాను. చివరకొక సాయంకాలం, ఇక చెప్పక తప్పదని వారి గుమ్మం ముందుకు వెళ్ళాను. నేను నోరు విప్పకముందే ఆ ఇంటాయన చేతులు కట్టుకొని అన్నాడు:

“ఏటీ అనుకోకండి మాస్టారూ! రాత్రేళ మీరు సదివేదంతా మాకు ఇనిపిస్తాదండి. తెల్లారగట్ల మూడింటికి నాను పడవకాడికి ఎల్లాలి. నడిసంద్రంలో కళ్ళు మూతలడిపోతన్నాయి. మీకు అడ్డమని మా పాప సదువు కూడా నోట్లోనే సదూకుంటాది.”

ఆ పాప పదవ తరగతి. నా ప్రశాంతతకోసం ఆమె గొంతు దాచుకొన్నది. ఆమె తండ్రికి ఆపదగా మారిన చప్పుడు నాదే! చెప్పదలచుకొన్న మాట మింగివేసి ఇంటికి వచ్చాను.

తప్పు ఎవరిది?

పసిబిడ్డ ఏడవడం తప్పా? బాలిక చదువుకోవడం తప్పా? ఇరుగుపొరుగు తగాదాలలో మనం ఎప్పుడూ మనుషుల మర్యాదనే శంకిస్తాము, గోడను విచారించము. నిజానికి దోషి గోడయే.

గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా గోడ బరువు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. రెండువైపులా పూత పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుకగోడ అందులో 45 వరకు తగ్గించగలదు. అవతలికి చేరేది వినీవినపడని గుసగుస. అర అంగుళం ప్లైవుడ్ పలక తగ్గించేది ఇరవై, ఇరవైఅయిదు మాత్రమే. అందుచేత మాట మాటగానే అవతలికి పోతుంది. గోడ బరువును రెట్టింపు చేస్తే అదనంగా దక్కేది సుమారు అయిదు డెసిబెల్సే. ఇక సందు ఉన్నదో, గోడ ఎంత మందమయినా వ్యర్థమే: గోడ వైశాల్యంలో నూటికొకవంతు తెరచి ఉంటే చాలు, ఆ గోడ మొత్తంమీద ఇరవై డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. మా ఇంటి ఖాళీ నూటికొకవంతు కాదు, ఇంచుమించు పాతికవంతులు!

ఈ ఊరిలోనే 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు ఉన్నది. ఖైదీలు ఒకరినొకరు చూడరాదు, మాట్లాడుకోరాదు అనే ఉద్దేశంతో 693 ఒంటరి కొట్లను ఇటుకగోడలతో కట్టారు. మనిషిని శిక్షించడానికి కట్టిన గోడకున్న శ్రద్ధలో నాలుగవవంతయినా, మనిషి నిద్రపోవడానికి కట్టే గోడకు ఉండవద్దా?

నిద్రపోని చెవి

కన్నుకు రెప్ప ఉన్నది, చెవికి లేదు. మనం నిద్రించినా అది మేలుకొనే ఉంటుంది. మెలకువ రాకపోయినా గుండె వేగం, రక్తపోటు శబ్దానికి స్పందిస్తూనే ఉంటవి. హాయిగా నిద్రపట్టాలంటే పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది.

పిల్లలకు జరిగే నష్టం ఇంకా సూక్ష్మమైనది. న్యూయార్క్‌లో రహదారిమీద కట్టిన ఎత్తైన భవనాలలోని పిల్లలను పరిశీలించి కోహెన్, గ్లాస్, సింగర్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ఒక పత్రం ప్రకటించారు. చప్పుడెక్కువగా ఉన్న క్రింది అంతస్తులలో చాలా ఏండ్లుగా పెరిగిన పిల్లలు, దగ్గరిదగ్గరి ధ్వనులను వేరుచేసి గుర్తించడంలోను, చదువులోను వెనుకబడినట్లు వారు గమనించారు. రణగొణధ్వనిని పట్టించుకోకపోవడం నేర్చుకొన్న చెవి, వినవలసిన మాటనుకూడా విడిచిపెట్టుట నేర్చుకొంటుందన్నమాట.

మన చట్టం ఊరకుండలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు 45 డెసిబెల్స్ హద్దుగా నిర్ణయించినవి. తన ఇంట ప్రశాంతంగా ఉండడం జీవించే హక్కులో భాగమని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జాతీయ భవన నిర్మాణ స్మృతిలో శబ్ద నిరోధానికి ఒక విభాగమే ఉన్నది. అయితే పాత ఇంటిని లోలోపల ముక్కలు చేసేవారిలో దానిని తెరచి చూచేవారు అరుదు.

ఏమి చేయవచ్చు?

స్కాట్లండ్ రచయిత థామస్ కార్లైల్ పొరుగువారి కోళ్ళ కూతలను, పియానోలను భరించలేక, లండన్‌లోని తన ఇంటిపైన 1853లో జంటగోడలతో ఒక నిశ్శబ్దపు గది కట్టించుకొన్నాడు. డబ్బు ఖర్చయినది కాని నిశ్శబ్దం దక్కలేదు. మందుకంటె ముందు రోగం ఎక్కడున్నదో చూడాలి.

ముందుగా సందులు మూయాలి. గోడను కప్పువరకు లేపాలి; తలుపుల క్రింద, తీగలు దూర్చిన రంధ్రాలచుట్టూ పూడ్చాలి. గాలికి కిటికీలు బయటి గోడకు ఉండాలిగాని వాటాల నడుమ కాదు. ఇటుక పెట్టలేనిచోట, ఒకదానికొకటి తగలని రెండు చట్రాలకు రెండు పలకలు బిగించి నడుమ గ్లాస్‌వూల్ నింపాలి. గుడ్ల అట్టలు, స్పాంజి అతికిస్తే గదిలోని ప్రతిధ్వని తగ్గుతుందేగాని శబ్దం దాటిపోవడం ఆగదు. పైగా స్పాంజికి నిప్పంటుకొనే ప్రమాదమొకటి. రోలు, కుట్టుమిషను క్రింద మందపు రబ్బరు పరిస్తే నేలగుండా పోయే అదురు తగ్గుతుంది. అన్నిటికంటె ముందు, అద్దెకు దిగేటప్పుడు గోడను వేలితో తట్టి, తలయెత్తి పైకి చూడండి.

మా రెండు కుటుంబాలూ కలిసి యజమానివద్దకు వెళ్ళాము. విడివిడిగా వెళ్ళి ఉంటే ఒకరిమీద ఒకరము ఫిర్యాదు చేసి వచ్చేవారము. కొంత బేరమాడి, ఆయన సగము, మేము సగము భరించి గోడను కప్పువరకు లేపించాము. రెండవ పొరకూడా వేయించాము. పూర్తి నిశ్శబ్దమేమీ రాలేదు. బిడ్డ ఏడుపు ఇప్పటికీ వినబడుతుంది.

మొన్న సాయంకాలం పక్కవాటానుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. పాప పైకి చదువుకొంటున్నది. ఏ పాఠమో మాత్రం నాకు తెలియలేదు.